రష్యా స్నేహాన్ని సునాబెడ ఇంజను లెక్కన చూస్తే

మీరు అడిగింది ముందు క్లుప్తంగా ఇక్కడ పెడతాను, తర్వాత చదివేవాళ్లకు దారి తెలుస్తుంది. మీ ఇల్లు ఒడిశాలోని సునాబెడ. నాన్నగారు అక్కడి మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. మీరు బరంపురంలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నారు. రష్యా చైనా పక్కన చేరింది, పాకిస్తాన్‌కు హెలికాప్టర్లు అమ్మింది, ఒప్పుకున్న ఎస్-400 గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థలు చెప్పిన టైముకు ఇవ్వలేదు. అలాంటి రష్యా దగ్గర ముడిచమురు కొన్నామని 2025లో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకం వేస్తే దెబ్బ గంజాం రొయ్యల చెరువుల మీద పడింది. "కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు కదా, మనకీ వాళ్లకీ ఎక్కడ పొంతన? ఇంకా ఎందుకు మోయాలి?" అన్నది మీ ప్రశ్న.

తెంచుకోకూడదన్నదే నా సమాధానం, కనీసం ఇంకో ఏడెనిమిదేళ్లు. అందుకు కారణం పాత స్నేహమూ కాదు, 1971 ఋణమూ కాదు. తెగిన మర్నాడు ఏ పని ఆగుతుంది, ఆ ఖాళీ నిండటానికి ఎన్నాళ్లు పడుతుంది, అన్నాళ్లూ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అని వేసుకున్న లెక్కలో వచ్చే జవాబు అది. ఈ లెక్క సరుకు సరుకుకీ మారుతుంది. యుద్ధవిమానం ఇంజనుకు ఏళ్లు పడుతుంది. ముడిచమురుకు నెలలు చాలు. అన్నిటినీ 'స్నేహం' అన్న ఒకే మూటలో కట్టేసి ఉంచాలా వదలాలా అని అడిగితే ఏదీ తేలదు. మూట విప్పి చూడాలి.

విప్పే ముందు ఒక మాట సరిచేయాలి, పరీక్షల్లోనూ చాలామంది ఇది తప్పే రాస్తారు. రష్యా మనకు సైనిక కూటమి దేశం కాదు. 1971 ఆగస్టు 9న ఢిల్లీలో మన విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్, సోవియట్ విదేశాంగ మంత్రి గ్రోమికో సంతకాలు పెట్టిన 20 ఏళ్ల ఒప్పందంలో 9వ అధికరణం ఒకటుంది. ఇద్దరిలో ఎవరి మీద దాడి జరిగినా, దాడి ముప్పు వచ్చినా వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలని దాని సారాంశం. వచ్చి మీ పక్షాన యుద్ధం చేస్తామన్న మాట అందులోనూ లేదు. పైగా మన అలీన విధానాన్ని గౌరవిస్తామని 4వ అధికరణంలో సోవియట్ పక్షమే రాసిచ్చింది. ఆ డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తుండగా భద్రతామండలిలో వాళ్లు మూడుసార్లు వీటో వేశారు. ఆ మేలు చిన్నది కాదు. అయితే 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీ వచ్చి సంతకం పెట్టిన కొత్త ఒప్పందంలో ఆ 9వ అధికరణం లాంటి భద్రతా షరతు లేదు. 2000లో 'వ్యూహాత్మక భాగస్వామ్యం' అన్నారు, 2010లో దాని ముందు 'ప్రత్యేక, విశిష్ట' అని చేర్చారు. విశేషణాలు పెరిగాయి గానీ రాతపూర్వకమైన బాధ్యత 1971 కంటే తగ్గింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1962 అక్టోబరులో చైనా మన మీదికి వచ్చినప్పుడు మాస్కో క్యూబా సంక్షోభంలో పీకల్దాకా ఇరుక్కుని ఉంది. అప్పుడు సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దా సంపాదకీయం చైనా వాదన వైపే మొగ్గింది. మిగ్-21 ఒప్పందం కుదిరిన ఏడాదే అది. కాబట్టి చైనాతో పేచీ వస్తే రష్యా మన తరఫున నిలబడుతుందన్న భరోసా అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. 2022 ఫిబ్రవరి 4న పుతిన్, షీ జిన్‌పింగ్ 'హద్దుల్లేని స్నేహం' అని ప్రకటించుకున్నాక కొత్తగా పోయింది మీరనుకున్నంత లేదు. లేని భరోసా ఉందనుకుని బాధపడటం దండగ. ఉన్నవేమిటో చూద్దాం.

మీ ఊరితోనే మొదలుపెడతాను, అసలు ముడి అక్కడే ఉంది.

మిగ్-21 తయారీ మన దగ్గర మొదలైనప్పుడు పనిని మూడు చోట్ల పంచారు: విమానం ఒళ్లు నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో, ఇంజను కోరాపుట్ జిల్లా సునాబెడలో. ఆర్-11, ఆర్-25, మిగ్-27 కోసం ఆర్-29, ఆ తర్వాత సుఖోయ్-30 ఎంకేఐ కోసం ఏఎల్-31ఎఫ్‌పీ, ఇలా తరం తర్వాత తరం ఇంజన్లు అక్కడ తయారయ్యాయి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పేశారు. సుఖోయ్ మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఎగరాలి. వాయుసేనలో ఇవి సుమారు 260 ఉన్నాయి, ఒక్కోదానికి రెండు ఇంజన్లు, అంటే ఒంటి మీద ఉన్నవే 520 దాకా. విమానం బతికినంత కాలం ఇంజను బతకదు, మధ్యలో మార్చాలి. అందుకే 2024 సెప్టెంబరులో రక్షణశాఖ 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకు ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌తో 26,000 కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందం చేసుకుంది. ఏడాదికి 30 చొప్పున 8 ఏళ్లు. అందులో దేశీయ వాటా సగటున 54 శాతానికి పైగా ఉంటుందని, చివరికొచ్చేసరికి 63 శాతానికి చేరుతుందని ప్రకటించారు.

ఆ 54ని తిరగేసి చదవండి: విలువలో దాదాపు 46 శాతం ఇంకా బయటినుంచి రావాలి. ఆ 46లో ఏముందన్నదే అసలు ప్రశ్న. ఇంజనులో బయటి కవచం, పైపులు, బ్రాకెట్ల లాంటివి సొంతం చేసుకోవడం తేలిక. కష్టమంతా వేడి భాగం దగ్గర. టర్బైను బ్లేడునే చూడండి, అరచేతిలో ఇమిడే వస్తువు. దాని మీదికి వచ్చే వాయువు వేడి 1,390 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది, అంటే ఆ లోహం కరిగే వేడి కంటే కూడా ఎక్కువ. బ్లేడు లోపల సన్నని దారుల గుండా గాలి పారుతూ దాన్ని చల్లబరుస్తుంటుంది కాబట్టి నిలుస్తుంది. ఆ మిశ్రమ లోహం, ఆ పోత పోసే పద్ధతి, ఆ సన్నని దారుల కొలతలు, పైన పూసే పూత, వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా గాల్లో ఉండగా బ్లేడు తెగి ఇంజనంతా చెడుతుంది.

పూర్తిగా విప్పి మరమ్మతు చేయడానికి, అంటే ఓవర్‌హాల్‌కు, వచ్చిన ఇంజనును ఊడదీశాక బ్లేడును శుభ్రం చేసి, మెరిసే ద్రవంలో ముంచి, కాసేపు ఉంచి కడిగి, పైన సన్నని పొడి వేసి చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెడతారు. పగులు ఉంటే ఆకుపచ్చ పసుపు కలిసిన వెంట్రుకంత గీత వెలుగుతుంది. మీ నాన్నగారినడిగితే ఆ గీత గురించి నాకంటే బాగా చెబుతారు. గీత కనబడటం ఒక ఎత్తు, అది ఎంత పొడవుదాకా పరవాలేదు, ఎక్కడుంటే బ్లేడును పారేయాలి అన్నది ఇంకో ఎత్తు. ఆ హద్దు నిర్ణయించేది ఇంజను డిజైను ఎవరిదో వాళ్లు. లైసెన్సు తీసుకున్నవాడి చేతికి ఎలా చేయాలో వస్తుంది. ఎందుకలా చేయాలో డిజైనరు దగ్గరే ఉండిపోతుంది. అందువల్ల మార్పు కావాలన్నా, ఆయుష్షు పొడిగించాలన్నా మాస్కోకు ఉత్తరం రాయాల్సిందే. 26,000 కోట్లు పెట్టినా రష్యా మీద ఆధారం పూర్తిగా పోకపోవడానికి కారణం ఇది. మన ఇంజనీర్లకు చేతకాక కాదు.

ఆ లైసెన్సు బిగువు ఎంతో తెలియాలంటే ఈజిప్టు సంగతి చూడాలి, మన పుస్తకాల్లో దీన్ని సరిగా చెప్పరు. ఈజిప్టుకూ సోవియట్ యూనియన్‌కూ 1971 మేలోనే, మనకంటే ముందే, స్నేహ ఒప్పందం జరిగింది. 1972 జులైలో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ సోవియట్ సైనిక సలహాదారులను పంపించేశాడు. 1973 యుద్ధం తర్వాత మిగ్‌ల విడిభాగాలు రావడం తగ్గిపోయింది. మిగ్‌లు మన దగ్గరా తయారవుతున్నాయి కాబట్టి ఈజిప్టు భారత్‌ను అడిగింది. మనం మాస్కో అనుమతి అడిగితే వాళ్లు ఒప్పుకోలేదు, మనం ఇవ్వలేకపోయాం. 1976 మార్చిలో సాదత్ ఆ ఒప్పందాన్ని రద్దు చేస్తూ చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. అంటే వస్తువు మన గడ్డ మీద తయారైనా, దాన్ని ఎవరికివ్వాలో చెప్పే హక్కు మనది కాదు. ఒప్పందం తెంచుకున్నాక ఈజిప్టు చైనా దగ్గర ఇంజన్లు, విడిభాగాలు తెచ్చుకుని నెట్టుకొచ్చి, నెమ్మదిగా అమెరికా విమానాలకు మారింది. ఏరు దాటకముందే తెప్ప తగలేస్తే ఎలా ఉంటుందో అది.

అమెరికా వైపు వెళ్లినా ఇదే బాధ ఉంటుందని మరవకండి. పాకిస్తాన్ 1990లో అమెరికా ఆంక్షల్లో ఇరుక్కుంటే, కొనుగోలు చేసుకున్న 28 ఎఫ్-16లు అరిజోనా ఎడారిలో ఏళ్ల తరబడి నిలబడిపోయాయి. 1998లో జరిగిన సర్దుబాటులో ఆ డబ్బులో కొంత గోధుమల రూపంలో ముట్టింది. మన తేజస్ మార్క్-1ఏ యుద్ధవిమానం కోసం 2021లో 99 అమెరికా ఎఫ్-404 ఇంజన్లు ఆర్డరిస్తే మొదటిది 2025 మార్చిలో చేరింది. తారాపూర్ అణు విద్యుత్ కేంద్రాన్ని కట్టించింది అమెరికా. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత చట్టం మార్చుకుని ఇంధనం ఆపేసింది కూడా అమెరికాయే. తర్వాత ఫ్రాన్సు ఇచ్చింది, 2001లో రష్యా ఇచ్చింది. ఆలస్యం, నిలుపుదల ఒక్క రష్యా జబ్బు కాదని చెప్పడానికే ఇవన్నీ చెబుతున్నాను.

అలాగని రష్యా చేసినవి చిన్నవీ కావు. గోర్ష్‌కోవ్ అనే పాత విమానవాహక నౌకను మరమ్మతు చేసి ఇవ్వడానికి 2004లో 97 కోట్ల డాలర్లకు ఒప్పుకుని, చివరికి 230 కోట్ల డాలర్లు దాటించారు. 2008లో రావాల్సిన నౌక విక్రమాదిత్యగా 2013 నవంబరులో చేతికొచ్చింది. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, పాత నౌకను పూర్తిగా విప్పి చూడకముందే ధర ఖాయం చేసుకున్నారు. విప్పాక లోపలి వైరింగు అంతా మార్చాలన్నారు. అప్పటికే మన డబ్బు అందులో ఇరుక్కుంది, వెనక్కి వచ్చే దారి లేదు. ఎస్-400 విషయంలో 2018 అక్టోబరులో 543 కోట్ల డాలర్లకు అయిదు స్క్వాడ్రన్లు ఒప్పుకుంటే 2023 నాటికి మూడు వచ్చాయి. ఉక్రెయిన్ యుద్ధంతో మిగతా రెండూ వెనకబడ్డాయి. వచ్చిన మూడు 2025 మేలో ఆపరేషన్ సిందూర్‌లో బాగా పనికొచ్చాయన్నదీ నిజమే. సరుకు మంచిది, సరఫరా నమ్మకం లేనిది. ఇలాంటి అమ్మకందారుతో ఒప్పందం రాసుకునే పద్ధతే వేరుగా ఉండాలి. డబ్బు విడతలు తేదీలకు కాకుండా చేతికొచ్చిన సరుకుకు ముడిపెట్టాలి. అయిదేళ్ల విడిభాగాలు మొదటి విడతలోనే కొని గోదాములో పెట్టుకోవాలి. మరమ్మతు కేంద్రం మన దేశంలో మొదలయ్యాకే ఆఖరి విడత ఇవ్వాలి.

ఉక్రెయిన్ యుద్ధం ఇంకో చిక్కు కూడా బయటపెట్టింది. 'రష్యా సరుకు' అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి సోవియట్ సరుకు, ఆ సోవియట్ ముక్కల్లో కొన్ని ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నాయి. తల్వార్ తరగతి ఫ్రిగేట్లనే యుద్ధనౌకలను నడిపే గ్యాస్ టర్బైన్లు చేసేది ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ ఫ్యాక్టరీ. 2014లో క్రిమియా గొడవ తర్వాత వాళ్లు రష్యాకు ఇవ్వడం మానేశారు. మనమే ఉక్రెయిన్ దగ్గర టర్బైన్లు కొని రష్యా ఓడల యార్డుకు పంపితే, అవి బిగించిన ఐఎన్ఎస్ తుషిల్ 2024 డిసెంబరు 9న నౌకాదళంలో చేరింది. యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల పనితనం ఒకే ఓడలో ఉంది. మన అవసరం ఎంత పీటముడో దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. గోపాల్‌పూర్ ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ వైపు సముద్రం మీదికి కాల్చే అభ్యాసాల చప్పుడు మీరు వినే ఉంటారు. జడ్‌యూ-23, షిల్కా లాంటి అక్కడి పాత తుపాకులూ ఆ కాలం నాటివే. వాటికి కొత్త కళ్లు, కొత్త మోటార్లు మన దగ్గరే పెట్టుకోగలిగాం. తుపాకీకి సాధ్యమైంది జెట్ ఇంజనుకు ఇంకా సాధ్యం కాలేదు.

ముడి మాత్రం వదులవుతోంది. మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010-14లో 72 శాతం, 2015-19లో 55, 2020-24లో 36 అని స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్కలు. ఎవరూ ప్రకటన చేయకుండా, తలుపు వేయకుండా పదిహేనేళ్లలో సగానికి తెచ్చారు. దూరం జరగడానికి సరైన పద్ధతి ఇదేనని నేననుకుంటాను. ఒక్కోసారి వాళ్లు కాదన్నదే మనకు మేలు చేసింది కూడా. బరువైన ఉపగ్రహాలను మోసే రాకెట్లకు కావలసిన క్రయోజెనిక్ ఇంజను సాంకేతికత ఇస్తామని 1991లో ఒప్పుకుని, అమెరికా ఒత్తిడి మీద 1993లో వెనక్కి తగ్గి, తయారైన ఇంజన్లు మాత్రమే ఇచ్చారు. ఇస్రో సొంతంగా తయారు చేసుకుని 2014 జనవరి 5న జీఎస్ఎల్వీ-డీ5 రాకెట్‌తో గెలిచింది. మధ్యలో పోయింది ఇరవై ఏళ్లు. తెగితే మనమే చేసుకుంటాం అనేవాళ్లు ఆ ఇరవై ఏళ్లను లెక్కలో వేసుకోవాలి. ఉత్తర సరిహద్దులో చైనా విమానాలు ఉండగా యుద్ధవిమానం ఇంజను కోసం అన్నాళ్లు ఆగలేం.

ఇప్పుడు ముడిచమురు. ఇక్కడ నా మాట వేరు. 2022కు ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యాది 2 శాతం లోపు. తర్వాత రెండేళ్లలో మూడో వంతు దాటింది. ధర తగ్గించి ఇచ్చారు, కొన్నాం, అంతే. దీన్ని స్నేహం ఖాతాలో రాయకూడదు. రిఫైనరీలు రకరకాల చమురు కలిపి వాడుకోగలవు. పరదీప్ లాంటి కొత్త రిఫైనరీ బరువైన, గంధకం ఎక్కువున్న చమురును కూడా శుద్ధి చేయగలదు. ఇరాక్, సౌదీ, ఎమిరేట్స్, అమెరికా నుంచి సరుకు మళ్లించుకోవడానికి కొన్ని నెలలు చాలు. నష్టం ధరలో ఉంటుంది: 2025లో రష్యా దగ్గర రోజుకు 15 లక్షల పీపాలకు పైగా కొన్న మనం ఒక్కసారిగా వేరే అంగడికి వెళ్తే అక్కడ ధర పెరుగుతుంది. అందుకని నెమ్మదిగా తగ్గించుకోవాలి, బేరంలో తురుపుముక్కగా వాడుకోవాలి. ప్రాణం మీదికి తెచ్చుకునేంత సరుకు మాత్రం కాదు.

ఎందుకంటే దాని ఖర్చు పడ్డ చోటు అన్యాయమైనది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా ముందున్న 25 శాతానికి తోడు రష్యా చమురు పేరిట ఇంకో 25 వేసింది. యాంటీ డంపింగ్, సబ్సిడీ వ్యతిరేక సుంకాలు కలుపుకుంటే రొయ్యల మీద 58 శాతం దాటింది. 2024-25లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 745 కోట్ల డాలర్లయితే అందులో 271 కోట్లు అమెరికాకే, అందులోనూ ఎక్కువ భాగం గడ్డకట్టించిన రొయ్యే. గంజాం, బాలేశ్వర్ నుంచి మన శ్రీకాకుళం, భీమవరం దాకా అదే బతుకు. సుంకం పడగానే ఎగుమతిదారు కౌంటు ధర తగ్గిస్తాడు, కొనే ఏజెంటు దాని మీద ఇంకొంచెం తగ్గిస్తాడు. 50 కౌంటు అంటే కిలోకు యాభై, ఒక్కోటి 20 గ్రాములు. ధర వచ్చేదాకా ఆగుదామంటే మన చెరువుల్లో పెంచే వనామి రకం రొయ్య ఆగనివ్వదు. రోజూ పూటపూటకీ మేత వేయాలి, ఏరేటర్లకు కరెంటు కట్టాలి, ఉంచిన ప్రతి రోజూ తెల్లమచ్చ వైరస్ భయం. చెరువు పట్టుబడి పెట్టక, అంటే రొయ్యలు పట్టి అమ్మేయక తప్పదు, పెడితే నష్టం తప్పదు. చౌక చమురు లాభం రిఫైనరీలకు, ఖజానాకు పోయింది, ఖర్చు ఆ చెరువు గట్టున దిగింది. ఈ చుట్టరికం నిలవాలని కోరుకునే ప్రభుత్వం దాని ఖర్చును రొయ్యల రైతు ఒక్కడి మీద వదిలేయకూడదు. లాభంలోంచి వడ్డీ రాయితీకో, కొత్త మార్కెట్ల అనుమతులకో పెట్టాలి. మీ ప్రశ్నలో ఉన్న కోపం న్యాయమైనదే, అది పడాల్సింది మాత్రం ఈ పంపకం మీద.

మరి ఆ రొయ్యలను రష్యాకే పంపొచ్చు కదా అంటారేమో. పంపొచ్చు, కానీ వాళ్ల పశువైద్య నియంత్రణ సంస్థ రొస్సెల్‌ఖోజ్‌నాద్జోర్ జాబితాలో ప్రాసెసింగ్ యూనిట్ పేరు ఎక్కాలి, మార్కెట్టు అమెరికా అంత పెద్దది కాదు, ఆపైన డబ్బు వచ్చే దారి గజిబిజి. 2024-25లో మనం రష్యా నుంచి కొన్నది 6,384 కోట్ల డాలర్లు, అమ్మింది 488 కోట్లు. రిజర్వు బ్యాంకు 2022 జులై 11న రూపాయిల్లో చెల్లింపుకు దారి తెరిచింది. రష్యా బ్యాంకు మన బ్యాంకులో 'వోస్ట్రో' ఖాతా తెరుస్తుంది, మన దిగుమతిదారు అందులో రూపాయిలు వేస్తాడు, వాళ్లు ఆ రూపాయిలతో మన సరుకు కొనుక్కోవాలి. కొనడానికి వాళ్లకు కావలసిన సరుకు మన దగ్గర అంత లేదు, రూపాయిలు పేరుకుపోయాయి. 2023 మేలో గోవాలో రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ ఈ మాట బయటపెట్టాడు. దాంతో ఎమిరేట్స్ దిర్హాముల్లో, రష్యా రూబుళ్లలో కట్టడం పెరిగింది. 2023 డిసెంబరులో అమెరికా రష్యా లావాదేవీలు చేసే విదేశీ బ్యాంకుల మీదా ఆంక్షలు వేస్తామనేసరికి మన బ్యాంకులు ప్రతి బిల్లుకీ పదిరకాల కాగితాలు అడగడం మొదలెట్టాయి. ఇది సరిపడాలంటే మందులు, యంత్ర పరికరాలు, ఆహారం అమ్మకం పెరగడమొక్కటే దారి. 2030కి 10,000 కోట్ల డాలర్ల వ్యాపారం అని రెండు దేశాలూ లక్ష్యం పెట్టుకున్నాయి. అందులో మన ఎగుమతి వాటా ఎంతో చెప్పకుండా ఆ అంకెకు విలువ లేదు.

విద్యుత్తు సంగతి క్లుప్తంగా. తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రానికి సోవియట్‌తో కుదిరిన ఒప్పందం 1988 నాటిది, 1,000 మెగావాట్ల రియాక్టర్లు రెండు నడుస్తున్నాయి, ఇంకో నాలుగు కడుతున్నారు. పర్లాకిమిడి నుంచి ఎంతో దూరం లేని శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా కంపెనీ రియాక్టర్లు వస్తాయని 2008 అణు ఒప్పందం నాటినుంచి వింటున్నాం. భూములు తీసుకోవడం దాటి ముందుకు పోలేదు. కట్టి చూపించింది ఎవరన్నది కూడా తూకంలో వేయాలి.

సమవుజ్జీ సామెత గురించి. ఇంటి వియ్యానికి అది సరే. దేశాల మధ్య నేను చూసినంతలో తేడా ఉన్న జంటే ఎక్కువ కాలం నిలిచింది. రష్యాకు మన భూమి వద్దు, మనకు వాళ్ల మార్కెట్టుతో పోటీ లేదు, సరిహద్దు లేదు, వలస గొడవ లేదు. చైనాతో మనకు పోలికలు ఎక్కువ, అందుకే పేచీలూ ఎక్కువ. పాలనలు వేరన్నది నిజమే. దానివల్ల వచ్చే ఇబ్బంది ఎక్కడంటే, అక్కడి నిర్ణయాలను ప్రశ్నించే పార్లమెంటు, పత్రికలు లేవు కాబట్టి మనకు ముందస్తు సూచన అందదు. 2016లో ఉరి దాడి జరిగిన నెలలోనే పాకిస్తాన్‌తో రష్యా తొలి సైనిక విన్యాసం చేసింది. మరోపక్క చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 జూన్‌లో రాజ్‌నాథ్ సింగ్ విడిభాగాల కోసం వెళ్లింది మాస్కోకే, సెప్టెంబరులో జైశంకర్, చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ కూర్చుని సరిహద్దు ఉద్రిక్తత తగ్గించే అయిదు అంశాలకు ఒప్పుకున్నదీ మాస్కోలోనే. మనం దూరం జరిగితే ఆ గదిలో చైనా ఒక్కతే మిగులుతుంది. నా దృష్టిలో ఇంజను తర్వాత ఇదే పెద్ద కారణం.

ఈ వ్యవహారంలో నాకు మనసు కలుక్కుమనేది ఒకటుంది. సహాయకుల ఉద్యోగాలని ఏజెంట్లు రష్యాకు తీసుకెళ్లి మన పిల్లల్ని ఉక్రెయిన్ యుద్ధంలోకి తోశారు. హైదరాబాద్ కుర్రాడొకడు 2024లో అలాగే పోయాడు. 2025 జనవరి నాటికి విదేశాంగ శాఖ చెప్పింది రష్యా సైన్యంలో చేరిన 126 మంది సంగతి, అందులో 12 మంది చనిపోయారు, 16 మంది జాడ లేదు. స్నేహదేశం అయితే ముందు వీళ్లను అప్పగించమని అడగగలగాలి. 2025 డిసెంబరులో పుతిన్ ఢిల్లీ వచ్చినప్పుడు కార్మికుల రాకపోకల మీద ఒప్పందం చేసుకున్నారు కాబట్టి గంజాం, శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్లు ఇక పెరుగుతారు. మీ చుట్టుపక్కల ఎవరైనా బయల్దేరుతుంటే ఇది చెప్పండి: ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషను ఉందో లేదో ఆ శాఖ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవాలి, పర్యాటక వీసా మీద పనికి వెళ్లకూడదు, రష్యన్‌లో ఉన్న కాగితం మీద అనువాదం చేతికి రాకుండా సంతకం పెట్టకూడదు.

ఏం జరిగితే నా సమాధానం మారుతుందో కూడా చెప్పాలి కదా. చైనాతో ఘర్షణ నడుస్తుండగా రష్యా మన విడిభాగాలు ఆపితే ఆ రోజునుంచి ఉంచుకోవడానికి కారణం ఉండదు. 2014 తర్వాత పాకిస్తాన్‌కు ఇచ్చిన నాలుగు ఎంఐ-35 హెలికాప్టర్ల లాంటివి కాకుండా, పెద్ద గగనతల రక్షణ వ్యవస్థలు నేరుగా అమ్మితే అప్పుడూ అంతే. ఇవి రెండూ జరగకపోతే చూడాల్సింది మీ ఊరి గేటు వైపు. 240వ ఇంజను 2032 ప్రాంతంలో సునాబెడ నుంచి బయటికి రావాలి. అప్పటికి దేశీయ వాటా ఆ 63కి చేరి, మిగతా 37లో బ్లేడు పోతలు ఉన్నాయా లేవా తెలిశాక ఇదే ప్రశ్న మళ్లీ అడగండి. జవాబు వేరుగా ఉండొచ్చు.